పుటం పెద్దదైతే పరీక్షా పెరగాలి

ఇటీవల కొవ్వూరులోని మా వైద్యశాలకు వచ్చిన ఒక గృహస్థు చిన్న సీసా నా ముందుంచి, "శాస్త్రిగారూ, ఇది నానో స్వర్ణభస్మమట. మామూలు భస్మం కంటె గొప్పదేనా?" అని అడిగారు. సీసాపై 'నానో' అన్న మాట పెద్ద అక్షరాలలో ఉన్నది. కణం ఎంత సూక్ష్మమో తెలిపే అంకె మాత్రం ఎక్కడా లేదు.

నానోమీటరు అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన స్వర్ణభస్మంలో 56–57 నానోమీటర్ల బంగారు కణాలను కనుగొన్నది. ఇది విని మనవారు కొందరు, నానో విద్య మన ఋషులకు ఏనాడో తెలుసునని పొంగిపోతున్నారు. రసశాస్త్రంపై నాకు గౌరవం తక్కువేమీ కాదు. కాని పరీక్షించిన భస్మంలోని సూక్ష్మత, అమ్మే ప్రతి సీసాలోనూ ఉన్నదని ఎవరు చెప్పగలరు?

గురుకులంలో అభ్రకభస్మం చేసేటప్పుడు, శ్రమ తగ్గునని ఒక పర్యాయం నేను నాలుగింతల ద్రవ్యం ఒకేసారి నూరి, పెద్ద మూకుళ్లలో ఉంచి, చీలమన్ను చేసి పుటం వేశాను. అంచుల భస్మం చక్కగా ఉన్నది. నడిమి భాగాన్ని ఎండలో చూడగా అభ్రకపు తళుకు అలాగే మిగిలి ఉన్నది. నిశ్చంద్రం కాని అభ్రకం ఔషధం కాదు, విషతుల్యం. మా గురువుగారు దానిని ఎవరికీ ఇవ్వనీయక, మొత్తం మరల నూరించి పుటాలు వేయించారు. ముద్ద పెద్దదైతే నడిమికి వేడి చాలదు. చాలేటట్లు మంట పెంచితే అంచుల సూక్ష్మకణాలు ఒకదానికొకటి అంటుకొని ముతకబడతాయి.

ఆధునికులకూ ఇదే చిక్కు. హైదరాబాదు బాలాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనాసంస్థ ఏ.ఆర్.సి.ఐ., సిరామిక్ క్యాండిల్‌కు నానో వెండి పూత పూసి నీటిలోని బాక్టీరియాను నశింపజేసే విధానాన్ని రూపొందించి, ఎస్.బి.పి. ఆక్వాటెక్ అనే హైదరాబాదు సంస్థకు అందించింది. ప్రయోగశాలలో ఒక్క క్యాండిల్‌కు పూత పూయడం ఒక పని. వేల క్యాండిళ్లకు పూత సమంగా ఉండి, వెండి నీటిలోనికి అతిగా దిగకుండ చూడడం మరొక పని. ఈ రెండవది సాధించినప్పుడే అది ప్రజలకు అమ్మదగిన వస్తువు.

వేలిగీతలలో ఇమిడే రేఖాపూర్ణత, నీటిపై తేలే వారితరత్వం మన ఉత్తమ పరీక్షలు. అయితే నానోకణానికీ, దానికి పదింతలున్న కణానికీ గల భేదాన్ని వేలిగీత చెప్పలేదు. ఔషధశాలల పరిశుభ్రత, పరికరాలు, రికార్డుల కొరకు 2000లో 'షెడ్యూల్ టి' నియమాలు వచ్చాయి. అంతటితో ఆగక, ప్రతి బ్యాచి భస్మానికీ కణ పరిమాణం, లోహం ఏ రూపంలో ఉన్నది, సీసం, ఆర్సెనిక్ వంటి మలినాలెంత అన్నది పరీక్షించి ప్రకటించాలని నా అభిప్రాయం. చిన్న వైద్యులు ఈ ఖర్చు భరించలేరన్నది నిజమే. అందుకే ప్రభుత్వ ప్రయోగశాలలు వారికి స్వల్ప రుసుముతో సాయపడాలి.

ఇది సంప్రదాయానికి అవమానమనే మిత్రులున్నారు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో అమ్మిన 70 ఆయుర్వేద మందులలో 14 సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కలిగి ఉన్నాయని 2004లో వెల్లడైంది. అంతకు మించిన అవమానమేమున్నది?

ఆ గృహస్థుకు నేను చెప్పినది ఇంతే: "సీసాపై ఉన్న చిరునామాకు ఉత్తరం వ్రాసి, ఈ బ్యాచికి జరిపిన పరీక్షల ఫలితం అడగండి. అది వచ్చి, వైద్యుడు చూచి సరే అనేవరకు మూత తీయకండి." పాఠకులకూ నా మనవి అదే.