అమరావతి అప్పు: ప్రపంచ బ్యాంకు లెక్క చూసే రిస్కులేంటి? మన ఆఫీసుల సత్తా ఎంత?

అమరావతి నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు, ఏడీబీ అప్పు ఇస్తున్నాయన్న వార్త మీరు చదివే ఉంటారు. 2024 డిసెంబరులో ఏడీబీ 78.88 కోట్ల డాలర్లు, ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. మన లెక్కలో రెండూ కలిపి సుమారు రూ.13,500 కోట్లు. అదే ఏడాది జులైలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో నిర్మలా సీతారామన్ అంతర్జాతీయ సంస్థల ద్వారా రూ.15 వేల కోట్లు సమకూరుస్తామని చెప్పారు. ఆ మాటే ఇలా కార్యరూపం దాల్చింది.

అయితే మంజూరు అంటే ఖాతాలో డబ్బు పడటం కాదు. ఎప్పుడు పడుతుంది, ఏం చేస్తే పడుతుంది, తేడా వస్తే నష్టం ఎవరికి అన్నదే అసలు విషయం. రాజధానికి భూమి ఇచ్చి ప్లాట్ కోసం ఎదురుచూస్తున్న కుటుంబానికైనా, ఆ అప్పును ఏదో ఒక రూపంలో తీర్చబోయే మీకైనా దీనితో సంబంధం ఉంది.

ఇంటి లోన్ లాంటిదే, కానీ...

మీరెప్పుడైనా ఇల్లు కట్టుకోవడానికి లోన్ తీసుకున్నారా? బేస్‌మెంట్ అయ్యాక కొంత, స్లాబ్ పడ్డాక కొంత చొప్పున బ్యాంకు విడుదల చేస్తుంది. మధ్యలో ఒక ఇంజినీరు వచ్చి చూసి వెళ్తాడు. అమరావతి అప్పు నడిచే తీరు కూడా దాదాపు ఇదే. ప్రపంచ బ్యాంకు దీన్ని 'ప్రోగ్రామ్ ఫర్ రిజల్ట్స్' అంటుంది. 2012లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఏడీబీ రుణం కూడా ఫలితాలతో ముడిపడినదే.

పాత పద్ధతిలో ప్రతి ఖర్చుకూ బిల్లు పెట్టాలి, టెండర్లకు బ్యాంకు నిబంధనలు పాటించాలి. కొత్త పద్ధతిలో బిల్లులతో పని లేదు. ముందే ఒప్పుకున్న ఫలితాల జాబితా ఒకటి ఉంటుంది. అందులో ఒక్కోదానికి ఇంత మొత్తమని లంకె పెడతారు. ఆ ఫలితం వచ్చిందని ప్రాజెక్టుతో సంబంధం లేని మూడో వ్యక్తి నిర్ధారించాలి. అప్పుడే డబ్బు కదులుతుంది. మొదట్లో చేతిలో ఏమీ లేకపోతే పని ఎలా మొదలవుతుందంటారా? అందుకే రుణంలో నాలుగో వంతు దాకా అడ్వాన్సు ఇచ్చే వెసులుబాటు ఉంది. ఆ అడ్వాన్సు కూడా తర్వాత ఫలితాలు చూపి సర్దుబాటు చేయాల్సిందే.

ఇంటి లోన్‌కూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఈ పద్ధతిలో స్లాబులు, రోడ్లు మాత్రమే ఫలితాలు కావు. ఒక ఆఫీసులో పని జరిగే తీరు మారడం, ఫిర్యాదులు గడువులోగా పరిష్కారం కావడం, లెక్కలు సకాలంలో ఆడిట్ కావడం లాంటివి కూడా లెక్కలోకి వస్తాయి. కాంక్రీటు పోయించడం కాంట్రాక్టరు చేతిలో పని. ఆఫీసు పనితీరు అలా టెండరు పిలిచి తెచ్చుకునేది కాదు.

పని ఆలస్యమైతే ఖర్చు పెరుగుతుంది. ఈ తరహా రుణాల్లో మంజూరై ఇంకా తీసుకోని మొత్తంపై రుసుము కట్టాల్సి రావచ్చు. మొత్తం అప్పుతో పోలిస్తే చిన్నదే. కానీ ఒక్క రూపాయి వాడకుండా కట్టే డబ్బు అది.

రిస్కుల పట్టికలో ఏముంటుంది?

ఏ దేశంలో ఏ రుణమైనా ప్రపంచ బ్యాంకు సిబ్బంది ఒక పట్టిక నింపుతారు. రాజకీయాలు, దేశ ఆర్థిక పరిస్థితి, ఆ రంగంలో ప్రభుత్వ విధానం, సాంకేతిక డిజైన్, అమలు చేసే సంస్థ సామర్థ్యం, డబ్బు నిర్వహణ, పర్యావరణ సామాజిక ప్రభావం, సంబంధిత వర్గాల స్పందన... ఒక్కో అంశానికి తక్కువ, మధ్యస్థం, గణనీయం, ఎక్కువ అని నాలుగు స్థాయుల్లో మార్కు వేస్తారు. చూడ్డానికి ప్రోగ్రెస్ కార్డులా ఉంటుంది.

అమరావతి విషయంలో ఈ పట్టికలోని మొదటి గడి ఎంత బరువైనదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదే రాజధానికి గతంలో ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్లు, ఏఐఐబీ 20 కోట్ల డాలర్లు ఇచ్చే ప్రతిపాదన ఉండేది. భూసమీకరణతో తమ జీవనోపాధి దెబ్బతింటుందని స్థానికులు కొందరు 2017లో ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. దర్యాప్తు చేయాలని ప్యానెల్ సిఫార్సు చేసింది. అంతలో 2019 జులైలో కేంద్రం రుణ అభ్యర్థనను వెనక్కి తీసుకుంది. ఏఐఐబీ కూడా తప్పుకుంది. తర్వాత మూడు రాజధానుల చట్టం, దాని ఉపసంహరణ, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు... ఇదంతా మీకు తెలిసిన కథే. ఎన్నికల ఫలితం తర్వాత ఏమవుతుందన్న రిస్కుకు ఏ బ్యాంకు పట్టికలోనూ మందు లేదు.

కొన్ని రిస్కులకు మాత్రం మందు ఉంది. వరద వాటిలో ఒకటి. కొండవీటి వాగు రాజధాని ప్రాంతం మీదుగా పారుతుంది. కృష్ణలో నీటిమట్టం ఎక్కువగా ఉన్నప్పుడు వాగు నీరు నదిలోకి దిగదు, వెనక్కి తన్నుతుంది. అందుకే ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కులు ఎత్తిపోసే పథకం కట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు చూశాం. వాగు దారిని పట్టించుకోకుండా నగరం పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి నిపుణుల కమిటీ అవసరం లేదు. కాలువలు, జలాశయాలు, పంపులకు డిజైన్ గీయొచ్చు, డబ్బు కేటాయించొచ్చు. వర్షం కురిసే రాత్రి పంపు స్విచ్ వేసే మనిషి అక్కడ ఉంటాడా అన్నది మాత్రం డిజైన్‌లో ఉండదు.

మారకం రిస్కు కూడా చూడాలి. ఏడీబీ రుణం యెన్‌లలో ఉంది. రూపాయి బలహీనపడితే తీర్చాల్సిన మొత్తం పెరుగుతుంది. 2005 నుంచి సాధారణంగా విదేశీ రుణాలను కేంద్రం ఏ షరతులతో తీసుకుంటే అవే షరతులతో రాష్ట్రాలకు బదలాయిస్తోంది. అంటే మారకం భారం కూడా రాష్ట్రానిదే అవుతుంది. అమరావతికి ఆ భారాన్ని చివరికి ఎవరు ఎంత మోస్తారన్నది బడ్జెట్ పద్దుల్లో ఏటా గమనించాల్సిన విషయం.

2019కీ ఇప్పటికీ తేడా ఎక్కడ?

దీని గురించి పెద్దగా చర్చ జరగలేదు. జరగాల్సింది. పాత ప్రతిపాదనలో పునరావాసం, పర్యావరణంపై బ్యాంకు సొంత నిబంధనలు వర్తించేవి. ఇప్పటి పద్ధతిలో రాష్ట్రం సొంత చట్టాలు, సొంత ఆఫీసులు, సొంత ఫిర్యాదు విధానం మీదే ఆధారపడతారు. బ్యాంకు ముందుగా వాటిని మదింపు చేసి, లోపాలు గుర్తించి, వాటిని సరిదిద్దే కార్యాచరణ ప్రణాళికపై సంతకం చేయిస్తుంది. తీవ్రమైన, సరిదిద్దలేని నష్టం తెచ్చే పనులను కార్యక్రమంలోంచి మినహాయిస్తుంది. ఆ తర్వాత నడిపించేది మనవాళ్లే.

నా ఉద్దేశంలో ఇది సరైన దారే. ఒక్క ప్రాజెక్టుకు వాషింగ్టన్ నియమాలు, పక్క రోడ్డుకు మన నియమాలు అంటే ఏ ఆఫీసూ ఎదగదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. రిస్కును బ్యాంకు నియమాల పుస్తకం మోయడం మానేస్తే, ఆ బరువు సీఆర్డీఏ ఉద్యోగి బల్ల మీద పడుతుంది. ఆ బల్ల ఎంత గట్టిదన్నదే ఇప్పుడు తేలాలి.

సీఆర్డీఏ చరిత్ర చూడండి. 2014 చివర్లో చట్టం వచ్చింది. 29 గ్రామాల్లో దాదాపు 34 వేల ఎకరాలు సమీకరించారు. మెట్ట భూమికి ఎకరాకు ఏడాదికి రూ.30 వేలు, జరీబు భూమికి రూ.50 వేలు కౌలు, ఏటా పది శాతం పెంపు అని హామీ ఇచ్చారు. ఎకరానికి వెయ్యి గజాల నివాస ప్లాటు, దాంతోపాటు మెట్టకు 250, జరీబుకు 450 గజాల వాణిజ్య ప్లాటు అన్నారు. 2020లో ఆ చట్టాన్నే రద్దు చేసి వేరే పేరుతో సంస్థ పెట్టారు. 2021లో మళ్లీ పాత చట్టం తెచ్చారు. పనులు ఆగిపోయాయి, బిల్లులు పేరుకుపోయాయి. ఇలాంటి ఊగిసలాటలో ఒక సంస్థ పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే కాదు. ఏ సర్వే నంబరులో ఏ వివాదం ఎక్కడ ఆగిందో తెలిసిన మనుషులు కూడా చెదిరిపోతారు.

శిక్షణ తరగతులు పెడితే సామర్థ్యం వస్తుందా?

అంతర్జాతీయ రుణ పత్రాలన్నిటిలో 'సామర్థ్య నిర్మాణం' అన్న మాట ఉంటుంది. ఆచరణలో అది చాలాచోట్ల హోటల్లో రెండు రోజుల వర్క్‌షాప్, ఒక బ్యాగు, ఒక సర్టిఫికెట్‌తో ముగుస్తుంది. లేదంటే ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ యూనిట్ అని పెట్టి కన్సల్టెంట్లను నింపుతారు. నివేదికలు చక్కగా వస్తాయి. రుణం గడువు ముగిసిన రోజు లాప్‌టాప్‌లతో సహా వాళ్లు వెళ్లిపోతారు. ఆఫీసులో మిగిలేది పాస్‌వర్డ్ తెలియని సాఫ్ట్‌వేర్.

దీనికి భిన్నంగా జరిగిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు ప్రాజెక్టు మొదలైంది. 2003లో మిగతా జిల్లాలకు విస్తరించింది. తర్వాత ఇందిరా క్రాంతి పథం అయింది. పొదుపు సంఘాలను గ్రామ సంఘాలుగా, వాటిని మండల సమాఖ్యలుగా కట్టారు. లెక్కలు రాసే పుస్తకం ఊళ్లో చదువుకున్న అమ్మాయి చేతిలో పెట్టారు. బాగా నడిచిన సంఘంలోని మహిళే పక్క ఊరికి వెళ్లి, రోజుల తరబడి అక్కడే ఉండి, కొత్త సంఘాన్ని నిలబెట్టేది. ఈ మహిళలు తర్వాత బిహార్ దాకా వెళ్లి నేర్పారు. జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్‌కు ఈ అనుభవమే ఒక ముఖ్య ఆధారం.

బ్యాంకు ప్రాజెక్టు 2011లో ముగిసింది. ఆ తర్వాత రాష్ట్రం రెండైంది, ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లూ మారాయి. ఐకేపీ కేంద్రంలో వడ్ల కొనుగోలు మాత్రం ఆగలేదు. వెలుగులో లోపాలు లేవని కాదు. అప్పులు పేరుకుపోయిన సంఘాలు, రాజకీయ సభలకు జనాన్ని తరలించే పనిముట్లుగా మారిన సంఘాలూ ఉన్నాయి. కానీ విదేశీ డబ్బు ఆగిపోయాక కూడా పని నడవాలంటే ఆ పని తెలిసిన మనిషి జీతం, హోదా, పుస్తకం స్థానికంగా ఉండాలని అది చూపించింది.

అమరావతికి ఇదే కొలత పెట్టి చూడండి. ప్లాట్ రిజిస్ట్రేషన్, సరిహద్దు వివాదం, భూమి లేని కూలీ పింఛను, నష్టపరిహారం... వీటిపై వచ్చే అర్జీని చూసేది శాశ్వత ఉద్యోగా, ఏజెన్సీ పంపిన డేటా ఎంట్రీ ఆపరేటరా? అర్జీకి నంబరు, రసీదు ఇస్తున్నారా? వేసిన డ్రైన్లు, నీటి పైపులు రేపు ఎవరు నడుపుతారు? రుణం మంజూరయ్యే నాటికి రాజధాని గ్రామాల్లో చాలావరకు పంచాయతీలే ఉన్నాయి. నగర స్థాయి మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని పంచాయతీ సిబ్బంది నడపలేరు. ఆ సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారన్నది భవనాల డిజైన్ల కంటే ముందు తేలాల్సిన లెక్క.

మీరేం చేయొచ్చు?

ప్రపంచ బ్యాంకు, ఏడీబీ వెబ్‌సైట్లలో ఈ రుణ పత్రాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఉంటాయి, పొడవుగా ఉంటాయి. అన్నీ చదవక్కర్లేదు. మూడు చూస్తే చాలు: ఏ ఫలితానికి ఎంత డబ్బు అన్న పట్టిక, పర్యావరణ-సామాజిక వ్యవస్థల మదింపు, కార్యాచరణ ప్రణాళిక. తర్వాత ఎప్పటికప్పుడు వచ్చే అమలు నివేదికల్లో రిస్కు మార్కు పెరిగిందా, తగ్గిందా అన్నది కనిపిస్తుంది. మన పత్రికా ప్రకటనల్లో ఎప్పుడూ ఉండని సంగతి అది.

మీ కుటుంబానికి నేరుగా నష్టం జరిగితే మొదట సీఆర్డీఏకే అర్జీ ఇవ్వండి. నకలు, తేదీ భద్రంగా ఉంచుకోండి. పరిష్కారం రాకపోతే ప్రపంచ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయొచ్చు. అక్కడా తేలకపోతే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఉంది. 1993లో నర్మదపై సర్దార్ సరోవర్ డ్యామ్ రుణం చుట్టూ రేగిన వివాదం తర్వాత పుట్టిన వ్యవస్థ అది. అప్పుడు కూడా మిగిలిన రుణం వద్దని చెప్పింది మన కేంద్ర ప్రభుత్వమే.

ప్యానెల్‌కు ఒక్కరు కాకుండా, ఒకే సమస్య ఉన్న కనీసం ఇద్దరు కలిసి రాయాలి. బ్యాంకు సిబ్బంది దృష్టికి ముందే తీసుకెళ్లామని చూపాలి. తెలుగులో రాసినా తీసుకుంటారు. పేర్లు గోప్యంగా ఉంచమని అడగొచ్చు. రుణం ముగింపు తేదీ దాటాక 15 నెలల వరకే గడువు. ఏడీబీ డబ్బుతో సాగే పనికైతే ఆ సంస్థ జవాబుదారీ విభాగానికి వేరుగా ఫిర్యాదు చేయాలి.