తాగుడు మానదలచిన కూలీకి తోడెవరు?

పత్తి తీతలు, మిరప కోతలు మొదలైతే చిలకలూరిపేట చుట్టుపట్ల పల్లెల్లో తెల్లారకముందే ఆటోలు కదులుతాయి. ఆడా మగా చీకటితో పోయి చీకటిపడ్డాక తిరిగొస్తారు. ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన కూలిడబ్బుల్లో ఎంత ఇంటికి చేరుతుంది, ఎంత దారిలో మందు కొట్టు దగ్గర ఆగిపోతుంది? ఈ లెక్క ప్రతి పేదవాడలోని తల్లికీ తెలుసు.

ప్రభుత్వాల లెక్క వేరు. మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం కృషి చెయ్యాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నది. కాని 1980లలో 'వారుణి వాహిని' పేరిట సారాను ఊరూరా పారించింది ప్రభుత్వమే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. 2019లో కొట్లు ప్రభుత్వం చేతికొచ్చాయి, 2024లో మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికి పోయాయి. చేతులు మారాయే గాని ఖజానాకు రాబడి ఆగలేదు.

కొట్లు మూయించే పోరాటం సాగాల్సిందే. అయితే మేము ఒక ఆత్మవిమర్శ కూడా చేసుకోవాలి. కొట్టు మూయించడానికి జెండా పట్టుకున్న మనం, తాగుడు మానాలనుకున్న మనిషి చెయ్యి పట్టుకున్నామా? 'తాగుబోతు' అని ముద్రవేసి సంఘం మీటింగుకు రానివ్వకుండా చేసిన సందర్భాలు లేవా?

తాగుడుకు బానిస కావడం బుద్ధి లేకపోవడం కాదు, జబ్బు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 5 కోట్ల 70 లక్షల మందికి పైగా మద్యం సమస్యకు సాయం అవసరమైనవాళ్లున్నారు. మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యమో సాయమో అందింది. మిగతా 37 మందినీ వదిలేసిందెవరు?

1935లో అమెరికాలో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒకళ్లకొకళ్లు తోడుగా నిలిచి మానేశారు. అలా పుట్టిందే 'ఆల్కహాలిక్స్ అనానిమస్'. 1957 నుంచి మన దేశంలోనూ ఉంది. రుసుం లేదు, రిజిస్టరు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. వచ్చినవాళ్లు తమ కథ చెప్పుకుంటారు, పక్కవాడిది వింటారు. 'జన్మంతా మానేస్తా' అని ఒట్టు పెట్టించరు. 'ఇవాళ్టికి తాగను' అనుకోమంటారు. ఒకరి పేరుగాని, అక్కడ విన్న మాటగాని బయట చెప్పరు. వాళ్ల మాటల్లో దైవం ప్రస్తావన వస్తుంది. అది ఎవరికి తోచినట్టు వాళ్లు తీసుకోవచ్చంటారు. దేవుణ్ణి నమ్మని కార్యకర్తలు ఆ ఒక్క మాట చూసి వెనకడుగు వెయ్యనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనపడటం, మూర్ఛ రావడం జరగొచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. తాళ్లతో కట్టేసి, గదిలో పెట్టి మాన్పించే నాటు పద్ధతులు వద్దు. ముందు ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించాలి. వైద్యంతో ఒంటి వణుకు తగ్గుతుంది, మళ్లీ తాగకుండా నిలబెట్టేది తోడు. వైద్యం ఎక్కడుందో తెలుసుకోవడానికి 14446కు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. మనసు బాగోకపోతే 14416 ఉంది.

ఆ సమావేశాలు ఎక్కువగా పట్నాల్లో, సాయంత్రం పూట జరుగుతాయి. చీకటిపడ్డాక ఇల్లు చేరే కూలీ చార్జీలు పెట్టుకుని మళ్లీ పట్నం ఎలా పోతాడు? మానదలచినవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసినా అదొక బృందమేనన్నది ఆ ఉద్యమ సూత్రం. అంటే మన వాడలోనే అది మొదలుకావచ్చు. ఇప్పటికే మానినవాళ్లను మొదట్లో కొన్నాళ్లు పిలిపించుకోవాలి.

ఇందులో వ్యవసాయ కార్మిక సంఘాల పని ఏమిటి? వారానికొక సాయంత్రం సంఘం ఆఫీసు గది ఇవ్వాలి. వాళ్లు బయటివాళ్ల చందాలు పుచ్చుకోరు కనుక నామమాత్రపు అద్దె తీసుకోవాలి. మొదటి రోజు వెళ్లడానికి సిగ్గుపడే మనిషితో గుమ్మందాకా నడవాలి. అక్కడ ఆగాలి. ఆ సమావేశాన్ని మన సభగా మార్చకూడదు, వచ్చినవాళ్ల పేర్లు మన మినిట్స్ పుస్తకానికి ఎక్కకూడదు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం వేరే బృందాలున్నాయి. ఆడవాళ్లకు ఆ సంగతి చెప్పాలి.

మానినవాడు మళ్లీ తాగితే వెక్కిరించొద్దు. మర్నాడు మళ్లీ తీసుకెళ్లాలి. కూలి రేటు కోసం మనతో కలిసి నడిచిన మనిషి బురదలో పడితే దాటుకుంటూ పోవడం సంఘ ధర్మం కాదు. కొట్టు ముందు ధర్నా ఎంత అవసరమో, ఆ గదిలో వెలిగే దీపమూ అంతే అవసరం.