ముందు వద్దన్నవాడిదే నష్టం

2020 మార్చి 7న అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్ రేవు నుంచి జాండామ్ అనే విహార నౌక బయలుదేరింది. మర్నాడే అమెరికా విదేశాంగ శాఖ తన పౌరులను హెచ్చరించింది: క్రూయిజ్‌లు ఎక్కకండి, ఇదివరకే జబ్బులున్నవాళ్లు అసలే వద్దు అని. అప్పటికే జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ పడిన అవస్థ లోకమంతా చూసింది. 3,711 మంది ఉన్న ఆ ఓడలో చివరికి 712 మందికి కోవిడ్ సోకింది. కాలిఫోర్నియా దగ్గర గ్రాండ్ ప్రిన్సెస్‌ను రేవులోకి రానివ్వక సముద్రంలోనే నిలబెట్టేశారు. ఇంత జరుగుతున్నా ఆ వారంలో వేలమంది పెట్టెలు సర్దుకుని ఓడలెక్కారు. ఈ విహారాల పిచ్చి ఏమిటి, చావుకు తెగించి పోతారా అని ఇళ్లలో కూర్చున్నవాళ్లం ముక్కున వేలేసుకున్నాం.

వాళ్లలో చాలామందిని ఓడ ఎక్కించింది టికెట్ షరతుల్లోని లెక్క. క్రూయిజ్‌కు ప్రయాణానికి దాదాపు మూడు నెలల ముందే సొమ్మంతా కట్టేయాలి. ఆ తర్వాత మనం మానుకుంటే కోత మొదలవుతుంది. రోజులు దగ్గరపడేకొద్దీ సగం, ముప్పావు, చివరి రెండు వారాల్లో అయితే కట్టిందంతా పోయినట్టే. అదే కంపెనీ ప్రయాణం రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు ఫంక్షన్ హాళ్ల దగ్గర అడ్వాన్సుల కోసం తిరిగినవాళ్లకు ఈ చిక్కు వివరించనక్కర్లేదు. ఓడ కదలదని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ముందు ఎవరి నోట వస్తే నష్టం వాళ్లది. కాబట్టి కంపెనీ మాట్లాడదు, ప్రయాణికుడూ మాట్లాడడు. మాట్లాడకుండా ఉండలేని తేదీ ప్రయాణికుడికే ముందు వస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి, జీవితమంతా దాచుకున్నదాంట్లోంచి కొన్ని వేల డాలర్లు కట్టినవాడు, ‘మానుకుంటే డబ్బంతా పోతుంది, వెళ్తే ఏమీ కాకపోవచ్చు’ అనుకుని ఓడెక్కడంలో ఆశ్చర్యమేముంది?

బీమా ఉంది కదా అంటారు. మామూలు ప్రయాణ బీమాలో భయానికి పరిహారం లేదు. మీకు జ్వరం వస్తే ఇస్తారు, జ్వరం వస్తుందేమోనని మానుకుంటే ఇవ్వరు. పైగా జనవరి చివరికల్లా చాలా బీమా సంస్థలు కరోనాను ‘ముందే తెలిసిన ముప్పు’ కింద రాసేసుకున్నాయి. ఆ తర్వాత పాలసీ తీసుకున్నవాళ్లకు దాని కారణంగా ఏమీ రాదు. ఏ కారణానికైనా మానుకోవచ్చనే ఖరీదైన పాలసీలు వేరే ఉన్నాయి, అవీ సగం నుంచి ముప్పావు దాకానే ఇస్తాయి.

మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. రెండు మూడు రోజుల్లో పెద్ద కంపెనీలన్నీ ప్రయాణాలు ఆపేశాయి. 14న అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ దేశపు రేవుల నుంచి ప్రయాణాలను నిషేధించింది. నెల రోజులే అన్నది అక్టోబరు చివరిదాకా సాగింది. అప్పటికే దారిలో ఉన్న జాండామ్‌ను దక్షిణ అమెరికా రేవులు రానివ్వలేదు. ఓడలోనే నలుగురు చనిపోయారు. పనామా కాలువ దాటి ఏప్రిల్ 2న ఫ్లోరిడా చేరింది.

రద్దయ్యాక మొదలైంది రెండో అంకం. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. తెనాలి నుంచి మా అక్కనూ బావనూ వేసవికి రప్పించి, జూన్‌లో సియాటెల్ నుంచి అలాస్కా తిప్పి తీసుకురావాలని ముందు ఏడాదే బుక్ చేశాడు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు తల్లిదండ్రులు వచ్చినప్పుడు నయాగరా తర్వాత గుర్తొచ్చేది ఇదే: మెట్లెక్కే పని లేదు, హోటళ్లు మారే పని లేదు, తిండి ఓడలోనే. వీసా, విమానం అన్నీ సిద్ధం. మిగతా సొమ్ము కట్టాల్సిన గడువు సరిగ్గా మార్చి మధ్యలో వచ్చింది. “మామయ్యా, ఓడ కదలదని తెలుసు. ఇప్పుడు మిగతాది కట్టకపోతే మేమే మానుకున్నట్టు లెక్క, అడ్వాన్సు పోతుంది. ఆఫర్లో తీసుకున్నాం, ఆ అడ్వాన్సు వెనక్కి రాదు. కడితే, వాళ్లు రద్దు చేసినప్పుడు మొత్తం వస్తుంది” అన్నాడు ఫోన్లో. కట్టాడు. కదలదని తెలిసిన ఓడకు, కదలదని తెలిసిన రోజున, మిగతా వేల డాలర్లు కట్టాడు!

అలాస్కా సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆ ఓడ కదలదన్నది వాడి ఊహ కాదు. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా కింద తిరిగే ఓడ ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకు ప్రయాణికులను తిప్పి తీసుకురావాలంటే మధ్యలో పరాయి దేశపు రేవును తాకి తీరాలి. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి విదేశీ జెండాల కిందే ఉంటాయి. అందుకే సియాటెల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడలు కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగి వస్తాయి. మార్చి 13న కెనడా 500 మందికి మించిన ఓడలు జులై దాకా తమ రేవులకు రావద్దంది. అంటే జూన్ ప్రయాణం చట్టరీత్యానే చిక్కులో పడింది. అయినా రద్దు కబురు రావడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా గడువులు వచ్చినవాళ్లు సొమ్ములు కడుతూనే ఉన్నారు. (2021లోనూ కెనడా నిషేధం కొనసాగితే, అలాస్కా వ్యాపారుల గోల పడలేక అమెరికా కాంగ్రెస్ ఆ పాత చట్టానికి మేలో తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. తల్చుకుంటే వారాల్లో అయ్యే పని.)

రద్దు మెయిల్ మా వాడు నాకు పంపాడు. పైన పెద్ద అక్షరాల్లో 125 శాతం. కట్టినదానికి పావు వంతు కలిపి, మళ్లీ వచ్చేటప్పుడు వాడుకోవడానికి క్రెడిట్ ఇస్తారట. మీరేమీ చేయనక్కర్లేదు, దానంతట అదే జమ అవుతుంది. డబ్బే కావాలనుకుంటే? నాలుగు పేరాలు దిగాక ఒక లింకు. అది నొక్కితే ఒక ఫారం. దానికో గడువు. ఆ గడువు దాటితే మీరు క్రెడిట్‌కు ఒప్పుకున్నట్టే. మా వాడు ఫారం నింపాడు, డబ్బు రావడానికి ఆగస్టు అయింది. వాడి స్నేహితుడు నూటికి నూట పాతిక చూసి సంబరపడి క్రెడిట్ ఉంచుకున్నాడు. తర్వాత వాళ్ల నాన్నగారికి వీసా దొరకలేదు, క్రెడిట్ గడువులు మారాయి, టికెట్ ధరలు పెరిగాయి. చివరికి ఆ స్నేహితుడూ భార్యా ఇద్దరే ఎక్కడికో వెళ్లొచ్చారట, వెళ్లాలని కాదు, క్రెడిట్ చచ్చిపోతుందని.

ఈ 125 శాతం గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. అది బహుమతి కాదు, అప్పు. ప్రయాణికుడే కంపెనీకి ఇచ్చిన అప్పు. అదే ఏప్రిల్‌లో కార్నివాల్ సంస్థ మార్కెట్లో 400 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. వడ్డీ 11.5 శాతం, పైగా ఓడలు తాకట్టు. అక్కడ అప్పిచ్చినవాడికి కాగితం ఉంది, పూచీ ఉంది, తీర్చే తేదీ ఉంది. తెనాలి పెద్దాయన టికెట్ సొమ్ముకు ఇవేవీ లేవు. 11.5 కన్నా 25 ఎక్కువే కదా అనిపించవచ్చు. కానీ ఆ పాతిక ఓడ లోపలే చెల్లే నాణెం. ఇంటద్దెకు పనికిరాదు, ఆస్పత్రి బిల్లుకు పనికిరాదు. ఓడ మళ్లీ కదిలితేనే దానికి విలువ, కంపెనీ బతికి ఉంటేనే.

కంపెనీలు బతకవేమో అన్నది వట్టి భయం కాదు. బ్రిటన్‌లో క్రూయిజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ 2020 జులైలో మూతపడింది. క్రిస్టల్ క్రూయిజెస్ 2022లో పోయింది. ఇంధనం బాకీ కేసులో మయామీలో ఓడను జప్తు చేస్తారని తెలిసి, ప్రయాణికులతో వస్తున్న క్రిస్టల్ సింఫనీని బహామాస్‌లోని బిమినీకి మళ్లించారు. ముంబై నుంచి 2019లో ఆర్భాటంగా మొదలైన జలేష్ క్రూయిజెస్ 2020 అక్టోబరులో మూతపడితే, దాని కర్ణిక నౌక ఆ తర్వాత కొద్దికాలానికే గుజరాత్‌లోని అలంగ్ తీరంలో తుక్కుకు చేరింది.

కంపెనీల గోడు కూడా ఉంది, లేదనను. అమెరికాలో వ్యాపారం చేసినా పన్నుల కోసం పనామా, లైబీరియా, బెర్ముడాల్లో పేర్లు నమోదు చేసుకున్నందుకు అమెరికా ప్రభుత్వ సాయం వాళ్లకు అందలేదు. ఆ మాటకొస్తే ఇందులో అందరికన్నా ఎక్కువ నలిగింది ఓడ సిబ్బంది. డైమండ్ ప్రిన్సెస్‌లో ఉన్న 138 మంది భారతీయుల్లో 132 మంది అక్కడ పనిచేసేవాళ్లే. ప్రయాణికులు దిగిపోయాక కూడా నెలల తరబడి దిగడానికి రేవు దొరకని సిబ్బంది కథ వేరే వ్యాసానికి సరిపడా ఉంది.

నగదా, క్రెడిటా అన్న ఇదే తగాదా మన దేశంలో విమాన టికెట్ల మీద నడిచింది. ఎయిర్‌లైన్లు డబ్బివ్వకుండా ‘క్రెడిట్ షెల్’ అన్నాయి. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు, లాక్‌డౌన్‌లో కొన్న టికెట్ల సొమ్ము వెంటనే ఇవ్వాలంది. మిగతావాటికి ఇవ్వలేని స్థితిలో ఉంటే క్రెడిట్ పెట్టుకోవచ్చు, కానీ దాని విలువ నెలకు అర శాతం, తర్వాత ముప్పావు శాతం చొప్పున పెరగాలి, వేరేవాళ్లకు బదిలీ చేసుకోనివ్వాలి, 2021 మార్చి 31 దాటితే నగదు ఇచ్చేయాలి అని షరతులు పెట్టింది. క్రెడిట్ అంటే అప్పేనని ఒప్పుకున్న తీర్పుగా నేను దాన్ని చదువుకున్నాను. అమెరికాలో ఓడల సంగతి చూసే ఫెడరల్ మారిటైమ్ కమిషన్ ఇంకా ఆలస్యంగా, 2022లో, ప్రయాణం రద్దయినా, మూడు రోజులు లేక అంతకు మించి ఆలస్యమైనా రిఫండ్ ఇవ్వాల్సిందేనని నిబంధన తెచ్చింది.

ఇవన్నీ కంపెనీయే రద్దు చేసిన సందర్భాలకు. మరి భయపడి ముందే మానుకున్నవాడి మాటేమిటి?

టికెట్ వెనక రాసిందే చట్టమంటూ అమెరికా కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 1991లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులో, వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు ఓడలో జరిగిన ప్రమాదం మీద దావా వేయాలంటే ఫ్లోరిడా పోవాలని తేల్చారు, టికెట్ మీద అలా రాసి ఉంది కాబట్టి. విభేదించిన జస్టిస్ స్టీవెన్స్ ఆ టికెట్ నకలును తన తీర్పుకు జత చేశారు, ఆ చిన్న అక్షరాలు ఎవరు చదవగలరో చూడండన్నట్టు. డబ్బు కట్టాకే ఆ కాగితం చేతికొస్తుందని కూడా ఆయన గుర్తుచేశారు. ఆస్ట్రేలియా కోర్టులు మరో దారి పట్టాయి. 2020 మార్చి 8న సిడ్నీ నుంచి బయలుదేరిన రూబీ ప్రిన్సెస్‌తో ముడిపడి 28 మంది చనిపోయారు. ముప్పు తెలిసి ఉండాల్సిన కంపెనీ ఆ ప్రయాణం సాగించడం నిర్లక్ష్యమేనని అక్కడి ఫెడరల్ కోర్టు 2023 అక్టోబరులో తేల్చింది. సామూహిక దావాలో చేరకూడదన్న టికెట్ షరతు అన్యాయమని డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది.

అసలు ప్రశ్నకు జవాబు ఐరోపాలో దొరికింది. అక్కడి 2015 నాటి ప్యాకేజీ ప్రయాణాల చట్టంలో, వెళ్లే చోట ఎవరి చేతిలోనూ లేని అసాధారణ పరిస్థితి తలెత్తితే ప్రయాణికుడు కోత లేకుండా మానుకోవచ్చని ఉంది. ఒక జర్మన్ ప్రయాణికుడు జపాన్ యాత్రకు 6,000 యూరోలకు పైగా ఖర్చయ్యే ప్యాకేజీ తీసుకుని, 2020 మార్చి 1న భయపడి మానుకున్నాడు. కంపెనీ పావు వంతు కోసుకుంది. మార్చి 26న జపానే తలుపులు మూసింది. ఇంకో నెలలోపు ఆగి ఉంటే మొత్తం వచ్చేది కదా, ముందే మానుకున్నందుకు కోత న్యాయమేనా? నాలుగేళ్లకు, 2024 ఫిబ్రవరి 29న, ఐరోపా న్యాయస్థానం చెప్పిందేమంటే, మానుకున్న రోజున పరిస్థితి ఎలా ఉందో అదే చూడాలి, తర్వాత ఏం జరిగిందన్నది లెక్కలోకి రాదు. వినడానికి ఆ జర్మన్‌కు చేదుగానే ఉంటుంది. కానీ అదే రోజు ఇచ్చిన ఇంకో తీర్పులో, ప్రభుత్వం అధికారికంగా వెళ్లొద్దని చెప్పకపోయినా సరే, సగటు మనిషి కంటికి ముప్పు కనబడితే చాలునంది. ముప్పు ముందే పసిగట్టినవాడి తెలివికి చట్టంలో కాస్త చోటు దొరికింది.

మన దగ్గర? విశాఖ రేవులో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఓడ విహారం మన మధ్యతరగతి కోరికల జాబితాలోకి ఎక్కుతోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అన్న భావన ఉంది, మితిమీరిన జరిమానాలు ఆ కోవలోకి వస్తాయి. కానీ మహమ్మారి వేళ ప్రయాణికుడే ముందు మానుకుంటే ఏమిటన్నది వినియోగదారుల కమిషన్ ముందు ఒక్కొక్కరూ వాదించుకుని తెలుసుకోవాల్సిందే. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే తెర మీద కొనుగోలుదారును తప్పుదారి పట్టించే ఎత్తుగడల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక బటన్ కొట్టొచ్చినట్టు పెట్టి రెండోది దాచెయ్యడం కూడా అందులో నిషిద్ధమే. మా మేనల్లుడికి వచ్చిన మెయిల్ దానికి చక్కటి నమూనా. ఆ సంస్థే ఇంకో రెండు మాటలు చేర్చవచ్చు. రద్దయితే అడగకుండానే నగదు రావాలి, క్రెడిట్ కావాలనుకున్నవాడే ఫారం నింపాలి. ప్రభుత్వం వెళ్లొద్దని సలహా ఇచ్చిన రోజు నుంచి కోతలు చెల్లకూడదు. దీనికి కొత్త చట్టం చేయనక్కర్లేదు, మళ్లీ పార్లమెంటు గడప తొక్కనక్కర్లేదు.