‘ఉత్త క్లీనప్పే’ అంటారా?

రివ్యూకి వచ్చిన ప్యాచ్ మీద ‘ఉత్త క్లీనప్పే, ఫంక్షనాలిటీ ఏమీ మారలేదు’ అని రాసి ఉంటే చాలు, మన సీనియర్లకి ఎక్కడలేని ఔదార్యం పుట్టుకొస్తుంది. పైనుంచి కిందకి ఓసారి స్క్రోల్ చేసి, అప్రూవ్ కొట్టేసి, టీకి లేచిపోతారు. మిగతా కోడ్ సంగతి ఏమో గానీ, సీ భాషలో ఫైల్ పాత్‌లు కట్టే కోడ్ మీద ఈ వేషం వేసేవాళ్లకి రివ్యూ హక్కు పీకేయాలి. మర్యాదగా చెప్పే ఓపిక నాకు అయిపోయింది.

అసలా క్లీనప్‌లో ఏం జరుగుతుందో చూడండి. నాలుగు చోట్ల ఒకే కోడ్ ఉంటుంది: పాత్‌మ్యాక్స్ సైజులో ఒక బఫర్, అందులోకి డైరెక్టరీ పేరు, ఒక స్లాష్, ఫైల్ పేరు. దాన్ని ఎత్తి ఒక హెల్పర్ ఫంక్షన్‌లో పెడతారు. లైన్లు తగ్గాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ నిన్నటిదాకా ఆ బఫర్ అక్కడే డిక్లేర్ చేసిన అర్రే. ఇవాళ ఫంక్షన్‌కి పంపిన ఉత్త పాయింటర్. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌కి ఇచ్చిన ‘సైజాఫ్ బఫ్’లో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి కన్ను దాని మీద ఆగదు. లినక్స్‌లో నిన్న దాని విలువ 4096. ఇవాళ 64 బిట్ మెషీన్ మీద 8. చివరి నల్ బైటు పోను మిగిలేది ఏడు అక్షరాలు.

పాత క్యాష్ తుడవడానికి ‘స్లాష్ ఎస్‌ఆర్‌వీ స్లాష్ డీబీ స్లాష్ క్యాష్’ అని పంపారనుకోండి. లెక్కపెట్టండి: స్లాష్, ఎస్, ఆర్, వీ, స్లాష్, డీ, బీ. అక్కడ తెగింది. తర్వాతి లైన్, ఆ డైరెక్టరీని లోపలున్నవాటితో సహా డిలీట్ చేసే కాల్. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. డేటాబేస్ లేదు. ఫంక్షనాలిటీ ఏమీ మారలేదన్న మాట మాత్రం కమిట్ మెసేజ్‌లో భద్రంగా ఉంది!

లాగ్‌లో మెసేజ్ సగానికి తెగితే చదివేవాడు మిగతాది ఊహించుకుంటాడు. కెర్నెల్‌కి ఆ అలవాటు లేదు. తెగిన పాత్ దాని దృష్టిలో ఇంకో ఫైల్ పాత్, అంతే. తెరవమంటే తెరుస్తుంది, చెరపమంటే చెరుపుతుంది.

ఇక ‘సేఫ్’ పండితులు. స్ట్ర్‌కాపీ కనిపించిన చోటల్లా స్ట్ర్‌ఎన్‌కాపీ అని మార్చి, సెక్యూరిటీ పెంచామని డప్పు కొట్టుకుంటారు. అది పాత యూనిక్స్ డైరెక్టరీ ఎంట్రీల్లాంటి నిర్ణీత పొడవు గడులు నింపడానికి పుట్టిన ఫంక్షన్. గడి నిండితే చివర నల్ పెట్టదు. దాన్ని స్ట్రింగ్ కాపీకి వాడటం సేఫ్ ఎలా అయిందో ఆ పండితులే చెప్పాలి. ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ నయం: ఎంత చోటు కావాల్సి వచ్చేదో తిరిగి చెబుతుంది. ఆ అంకె వైపు కన్నెత్తి చూసే ఒక్క ‘ఇఫ్’ రాయడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు.

‘అంత పొడవు పేర్లు ఎవరు పెడతారండీ’ అని నవ్వుతారు. తెలుగువాడివై ఉండి ఈ మాటా? యూటీఎఫ్-8లో మన లిపి ఒక్కో కోడ్ పాయింట్‌కి మూడు బైట్లు. ‘శ్రీ’ ఒక్కటే పన్నెండు బైట్లు తింటుంది. ఎక్స్‌టీ4లో ఫైల్ పేరుకి హద్దు 255 బైట్లు, అంటే మనకి 85 కోడ్ పాయింట్‌లు. ఒత్తులు, గుణింతాలు అందులోనే. రెండు ఇంటిపేర్లూ కలిపి పెళ్లి ఫోటోల ఫోల్డర్‌కి ‘చి.ల.సౌ.’తో మొదలుపెట్టి పేరు పెడితే పేరుకని మీరు పెట్టిన 64 బైట్ల బఫర్ నిండిపోయి, అక్షరం నడుమ తెగి, ఏ భాషకీ చెందని చెత్త మిగులుతుంది.

ఇదంతా ఊహే అనుకుంటే 2016 నాటి గిట్ సంగతి వినండి. డైరెక్టరీల పేర్లన్నీ కలిపి పాత్ కట్టే పాత్‌నేమ్ అనే చిన్న ఫంక్షన్, మొత్తం పొడవుని ‘ఇంట్’లో లెక్కపెట్టేది. పేరు విపరీతంగా పొడవైతే, లేదా డైరెక్టరీలు లోతుగా ఒకదాంట్లో ఒకటి ఉంటే, లెక్క పొంగి తప్పేది. కొద్ది మెమరీ తీసుకుని కొండంత రాసేది. అవతలివాడు మన మెషీన్ మీద తన కోడ్ నడిపించుకునేంత ప్రమాదం. అక్కడ వాళ్లు ‘ఇంట్’ పక్కన మాసిక వేసి ఊరుకోలేదు. ఆ ఫంక్షన్‌నే ఎత్తేసి, అవసరమైనంత పెరిగే స్ట్రింగ్ బఫర్‌లో పాత్ కట్టారు. 2018లో స్ట్ర్‌కాపీ, స్ట్ర్‌ఎన్‌కాపీ లాంటివాటిని నిషేధిత జాబితాకెక్కించారు. వాడితే కంపైలే కాదు. క్లీనప్ అంటే అదీ.

ఇంకో రకం ఉన్నారు: పాత్‌లో రెండు చుక్కలు కనబడితే ముందున్న డైరెక్టరీ పేరుతో సహా కొట్టేసి ‘నీట్‌గా’ చేసేవాళ్లు. ఆ డైరెక్టరీ సిమ్‌లింక్ అయితే రెండు చుక్కలు ఎక్కడికి తీసుకెళ్తాయో డిస్క్‌ని అడక్కుండా మీకెలా తెలిసింది, దివ్యదృష్టా?

నా దగ్గరికి పాత్ క్లీనప్ వస్తే మొదట అడిగేది ఒకటే: బఫర్‌లో పట్టకపోతే ఏం చేస్తావ్? ‘పడుతుంది సార్’ అన్న జవాబుకి ప్యాచ్ వెనక్కే. రిలీజ్ ఆగిందని మేనేజర్ గారికి కోపమొస్తే, నా నంబర్ ఆయన దగ్గర ఉంది.