బండి మార్చుకోనివ్వండి, ఇంట్లో బ్యాటరీ కట్టనివ్వకండి

పాత పెట్రోలు బైకులోంచి ఇంజన్ తీసేసి మోటారు, బ్యాటరీ పెట్టించుకోవడం మన దేశంలో నేరం కాదు. మోటారు వాహనాల చట్టం, కేంద్ర నిబంధనలు రెండూ అందుకు ఒప్పుకున్నాయి. కానీ హైదరాబాద్‌లో షేక్‌పేటలోనో ఫిల్మ్‌నగర్ బస్తీలోనో ఉండే లైట్‌మన్‌కు, ప్రొడక్షన్ బాయ్‌కు, డెలివరీ కుర్రాడికి ఆ అనుమతి అందేంత దగ్గర్లో లేదు. ఖర్చు అందదు, కాగితాలు అర్థం కావు, చేసిపెట్టే మెకానిక్ ఎక్కడున్నాడో తెలియదు. ఇక మిగిలేది యూట్యూబ్ చూసి ఇంట్లో కట్టుకోవడమే. ప్రభుత్వం ఈ పరిస్థితిని మార్చాలి. బండి మార్పిడిని సులువు చేయాలి, ఇంట్లో బ్యాటరీ కట్టడాన్ని గట్టిగా ఆపాలి. మొదటి పని చేయకుండా రెండోది చేయబోతే అది పేదవాడి మీద చలానా రాయడం దగ్గరే ఆగిపోతుంది.

తెలుగు సినిమాకు ఊరూ పేరూ ఈ చుట్టుపక్కలే. ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో, కొంచెం అవతల అన్నపూర్ణ, యూసుఫ్‌గూడ వైపు సారథి. తెల్లవారకముందే లొకేషన్‌కు చేరాల్సిన మనిషికి ఆ వేళ బస్సు దొరకదు. సొంత బండే దిక్కు. 2025 ఆగస్టులో వేతనాలు పెంచాలని సినీ కార్మికులు రెండు వారాలకు పైగా షూటింగులు ఆపేశారు. అలాంటి సంసారాల్లో పెట్రోలు ఖర్చు చిన్న లెక్క కాదు.

నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే వంద సీసీ బైకు లీటరుకు 60 ఇచ్చిందనుకుందాం. 25 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయలు వేసుకుంటే దాదాపు 2,700. అంతే దూరానికి ఎలక్ట్రిక్ బండికి ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకొని 70 యూనిట్ల కరెంటు చాలు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 700. అంటే నెలకు 2,000 మిగులు. ఆయిల్ మార్పించడం, కార్బురేటర్ కడిగించడం, బోరు చేయించడం ఇక ఉండవు. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికి ఆ మిగులు 4,000. ఈ డబ్బు అతని ఇంట్లో బియ్యమవుతుంది, పిల్లల ఫీజవుతుంది.

అడ్డు పడుతున్నది మొదట పెట్టాల్సిన పెట్టుబడి. ఠాణేకు చెందిన గోగోఏ1 సంస్థ 2021లో హీరో స్ప్లెండర్ కోసం రవాణా శాఖ ఆమోదం ఉన్న కిట్‌ను 35 వేల రూపాయలకు తెచ్చినప్పుడు దేశమంతా చెప్పుకున్నారు. బ్యాటరీ ధర మాత్రం వేరు. అదీ కలిపితే 90 వేలు దాటింది. నెలకు 2,000 చొప్పున ఆ సొమ్ము రాబట్టుకోవడానికి 45 నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆగలేనివాడు చౌక సరుకు వెతుక్కుంటాడు, ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

మార్పిడి పనిలో మోటారు బిగించడం పెద్ద విద్య కాదు, నేర్పరి మెకానిక్ చేయగలడు. వెనక చక్రం తీసి, హబ్‌లోనే మోటారున్న చక్రం పెడతారు. చైను, క్లచ్, గేర్లు పోతాయి. ఇంజన్ ఉన్న చోట బ్యాటరీ పెట్టె, సైడ్ ప్యానెల్ వెనక కంట్రోలర్ కూర్చుంటాయి. అయితే యాక్సిల్‌ను కదలకుండా పట్టుకునే టార్క్ ఆర్మ్ అనే చిన్న ఇనుప పట్టీ మరిచిపోతే చాలు, మోటారు జోరుకు యాక్సిలే తిరిగిపోయి వైర్లు తెగుతాయి. జూబిలీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు దిగేటప్పుడు గేరు తగ్గించి బండిని పట్టుకోవడం మనకు అలవాటు. మార్చిన బండిలో ఆ వీలుండదు, బరువంతా పాత డ్రమ్ బ్రేకు మీదే పడుతుంది. అదే ఎత్తు ఇద్దరితో ఎక్కాలంటే 250 వాట్ల మోటారు వల్ల కాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెప్పి అలాంటి మోటారు అంటగట్టేవాళ్ల మాట నమ్మకూడదు. ఆ మినహాయింపు గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా తయారై, పరీక్ష నెగ్గి వచ్చిన బండ్లకే గానీ ఇంజన్ పీకేసిన స్ప్లెండర్‌కు కాదు.

అసలు భయం బ్యాటరీతో. పాత ల్యాప్‌టాప్‌ల సెల్స్ ఏరి, ఒక్కోదాని శక్తి ఎంతో కొలవకుండా, స్పాట్ వెల్డింగ్‌కు బదులు టంకం కడ్డీతో అతికించి, టేపు చుట్టి పెట్టెలో పెడితే అది బ్యాటరీ అనిపించుకోదు. టంకం వేడికే సెల్ లోపల దెబ్బతింటుంది. ఒక సెల్ ముందే నిండిపోతే, ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాచే సర్క్యూట్) సరిగా లేకపోతే, మంట మొదలై పక్క సెల్‌కు అంటుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పేలి ఒక ఇంటాయన ప్రాణం పోయింది. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. అవన్నీ షోరూముల్లో అమ్మే బండ్లు. వాటికే అంత జరిగితే, వంటగది పక్కన టేపు చుట్టిన మూటకు ఎవరు పూచీ? ఆ ఘోరాల తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలు చేసింది. ఆ ప్రమాణం నెగ్గని బ్యాటరీని రెండు చక్రాల బండి కోసం అమ్మడాన్నీ కట్టడాన్నీ ఆపాల్సిందే. ఇందులో బేరం లేదు.

మరి చట్టం చూపిన తోవ ఎలా ఉంది? కిట్ తయారుచేసిన సంస్థ పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి చోట పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ సంస్థ ఒప్పుకున్న మెకానికే దాన్ని బిగించాలి. బండి యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి. నిబంధనలకు విరుద్ధంగా మారిస్తే ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. చెప్పకుండా మార్చిన బండికి బీమా సంస్థ మొండిచెయ్యి చూపినా అడిగే దిక్కుండదు. ఈ నిబంధనల్లో తప్పు లేదు. ఏ కిట్‌కు ఆమోదం ఉంది, ఎవరి దగ్గర బిగించుకోవచ్చు, ఆర్సీ మారడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్న సంగతులు మాత్రం ప్రతి ఆర్టీఓ ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో కనపడాలి. అది పెద్ద ఖర్చు పనేమీ కాదు.

పన్నుల దగ్గర అన్యాయం ఇంకా సూటిగా కనిపిస్తుంది. కొత్త ఎలక్ట్రిక్ బండి మీద జీఎస్టీ 5 శాతం, అందులోని బ్యాటరీకీ అంతే. అదే బ్యాటరీని పాత బండి కోసం విడిగా కొంటే 18 శాతం. కొత్త బండి కొనగల స్తోమత ఉన్నవాడికి రాయితీ, లేనివాడికి వడ్డన! పన్నుతో కలిపి 50 వేల బ్యాటరీ మీద ఈ తేడా అయిదున్నర వేల దాకా ఉంటుంది. తెలంగాణ 2020 అక్టోబరులో తెచ్చిన ఎలక్ట్రిక్ వాహన విధానంలో మార్పిడికి చోటుంది గానీ, అది ఆటోలకే. తొలి ఐదు వేల ఆటోలకు ఖర్చులో 15 శాతం, 15 వేలకు మించకుండా ఇస్తామన్నారు. ఆటోకు తగినది బైకుకు ఎందుకు తగదు? ఆ 15 శాతం ఇచ్చి, ఆమోదం పొందిన కిట్‌తో పాటు కొన్న బ్యాటరీ మీద జీఎస్టీ 5కు దింపేలా మన రాష్ట్ర ప్రభుత్వం జీఎస్టీ కౌన్సిల్‌లో పట్టుబడితే, 90 వేలలో 19 వేలు తగ్గుతాయి. 45 నెలలు పట్టేది 36కు దిగుతుంది. మధ్యలో ఛార్జింగ్ పెట్టుకునే వీలున్న డెలివరీ కుర్రాడికి ఏడాదిన్నర చాలు.

నేర్పే చోట్లు మనకు లేవా? షేక్‌పేట నుంచి కొద్ది దూరంలో రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. కొత్త వస్తువుల నమూనాలు చేసి చూసుకోవడానికి కట్టిన చోటు అది. మల్లేపల్లి ఐటీఐలో 2024 జూన్‌లో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన పథకం కింద టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. టోలిచౌకి, కృష్ణానగర్ మెకానిక్‌లకు అక్కడ సాయంత్రం పూట శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతికివ్వాలి. ఇరవై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగించిన చేతులకు ఈ పని నేర్పడం కష్టం కాదు. పెట్రోలు బండ్లు తగ్గిపోయే రోజుల్లో వాళ్లకూ ఒక బతుకుదెరువు చూపించినట్టవుతుంది.

పాత బండ్లను తుక్కుకు వేయడమే మంచిదని వాదించేవారున్నారు. ఛాసిస్ తుప్పు పట్టి, ఫోర్కు వంగిన బండిని తుక్కుకే పంపాలి. అందుకే మార్పిడికి ముందు ఆర్టీఓ తనిఖీ తప్పనిసరి చేయాలి. గట్టిగా ఉన్న ఇనుమును పారేసి కొత్త అప్పు చేయమనడం మాత్రం కిస్తీల మీద బతికే మనిషికి చెప్పే మాట కాదు. రామోజీ ఫిల్మ్ సిటీకి రోజూ వెళ్లి రావాలంటే దాదాపు 80 కిలోమీటర్లు, దారిలో ఛార్జింగ్ దొరకని అలాంటివాళ్లకు రెండు యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ చాలదన్నదీ నిజమే. మార్పిడి అందరికీ సరిపోదు. సరిపోయినవాళ్లకు దారి మూసిపెట్టడానికి అది కారణం కాకూడదు.

రాష్ట్రంలో కొత్త ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయిస్తూ 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41కి 2026 డిసెంబరు 31 గడువు పెట్టారు. దాని తర్వాతి ఉత్తర్వులో మార్పిడి చేసిన ద్విచక్ర వాహనాలను పేరుపెట్టి చేర్చాలి. ఆర్సీ మార్పునకు రుసుం లేకుండా చేయాలి, ఏడు పనిదినాల గడువు రాయాలి. ఏఐఎస్-156 ఆమోదం లేని బ్యాటరీలు అమ్మే దుకాణాల మీద తనిఖీలు ఆ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.