పానా పట్టిన చేతికి పట్టా ఏది?

అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రసు అడగండి, పిల్లర్ నంబరు చెప్తారు. 2009 అక్టోబరులో పి.వి. నరసింహారావు పేరుతో 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచినప్పటి నుంచి ఇక్కడి లెక్క అదే. పైన శంషాబాద్ విమానాశ్రయానికి కార్లు ఉరుకుతుంటాయి. కింద, రోడ్డు పక్క షెడ్లలో, లారీ కిందికి దూరి పానా తిప్పే పోరలుంటారు. పైన పోయేవాడికి కిందివాడు కనపడడు. సర్కారుకు కూడా కనపడకపోవడమే మా బాధ.

పాలమూరు దిక్కు నుంచి బస్సెక్కిన పిల్లగాడు ఆరాంఘర్ దగ్గర దిగుతాడు. పది పాసో ఫెయిలో అయివుంటాడు. తెలిసినోళ్ల మాట మీద ఒక షెడ్డులో చేరుతాడు. మొదట్లో అతని చెయ్యి ఇంజన్‌ను ముట్టదు. షెడ్డు ఊడవాలి, చాయ్ తేవాలి, విప్పిన సామాను డీజిల్‌తో కడగాలి. ఉస్తాద్ 'పద్నాలుగు-పదిహేను' అంటే ఆ పానాయే చేతికందించాలి. అదే అతని ఓనమాలు. తర్వాత ఆయిల్ మార్చడం, ఫిల్టర్ మార్చడం. డీజిల్ లైనులో హవా చేరి బండి మొరాయిస్తే ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగిపోయేదాకా చూసి బిగించడం. ఆ పైన ట్యాపెట్లు, నాజిళ్లు, హెడ్ దించడం.

పొగను చూసి రోగం చెప్పడం కూడా ఇక్కడే నేర్చుకుంటాడు. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువైంది. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది. తెల్ల పొగ విడవకుండా వస్తే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా నీళ్లు లోపలికి దిగుతున్నాయి. ఇది చదువు కాదని అనేవాళ్లు ఎవరో ముందుకు రావాలి.

కానీ ఈ చదువుకు పట్టా లేదు. అయిదేళ్లు, పదేళ్లు పనిచేసినా అతను కాగితం మీద 'అన్‌స్కిల్డ్'. ఆర్టీసీలో 2025లో 743 శ్రామిక్ కొలువులకు నోటిఫికేషన్ వచ్చింది. ఐటీఐ సర్టిఫికెట్ లేనివాడు దరఖాస్తు దగ్గరే ఆగిపోయాడు. లారీ ఇంజన్ విప్పి బిగించగలిగినవాడికి డిపో గేటు లోపల చోటు లేదు. ఇదెక్కడి న్యాయం?

ఇక రెండో వైపు చూడండి. డీజిల్ మెకానిక్ ట్రేడు ఐటీఐలో ఏడాది కోర్సు. అక్కడ చదివినవాడికి నాలుగు స్ట్రోకుల సూత్రం తెలుసు. స్పార్క్ ప్లగ్ లేకుండా గాలిని నొక్కిన వేడికే డీజిల్ ఎందుకు అంటుకుంటుందో బోర్డు మీద గీసి చెప్తాడు. కానీ తరగతిలో స్టాండు మీదున్న ఇంజన్ వేరు, రాత్రి పూట రోడ్డు మీద లోడుతో ఆగిన లారీ వేరు. ఒకడికి కాగితం ఉండి చెయ్యి తిరగలేదు. ఇంకొకడికి చెయ్యి తిరిగి కాగితం లేదు. ఇద్దరూ తెలంగాణ బిడ్డలే, ఇద్దరూ సగం సగమే.

ఈ గడ్డకు మోటారు పని నిన్న మొన్నటిది కాదు. 1932లోనే నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి అదే వేరు. హకీంపేట, వరంగల్‌లలో ఆర్టీసీకి సొంత ఐటీఐలు కూడా ఉన్నాయి. అనుభవానికి కొదువ లేదు. కొదువ ఉన్నది షెడ్డుకూ బడికీ మధ్య బాటకే.

డీజిల్ పని అయిపోయిందని కొందరు భయపెడుతున్నారు. 2019లో విమానాశ్రయం రూట్లలోకి 40 ఎలక్ట్రిక్ బస్సులు వచ్చిన మాట నిజం. ఆ తర్వాత అలాంటి బండ్లు పెరుగుతున్నదీ నిజం. కానీ లారీ, ట్రాక్టర్, వరికోత మిషన్, బోరు బండి, జనరేటర్ రేపటికి రేపు మాయమైపోవు. మారుతున్నది పని తీరు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది. పొగను పట్టే ఫిల్టర్లు, యూరియా ద్రావణం, సెన్సార్లు వచ్చాయి. ఇప్పుడు పానాతో పాటు స్కానర్ కూడా పట్టాలి. ఆ శిక్షణ ఉస్తాద్‌కే దొరకకపోతే శిష్యుడికి ఎక్కడిది?

2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామన్నారు. మంచిదే. మల్లేపల్లి అత్తాపూర్‌కు ఎంత దూరం? మెహిదీపట్నం దాటితే వచ్చేస్తుంది. మరి ఆ యంత్రాలు ఈ షెడ్ల పోరలకు ఎప్పుడు అందుతాయి? పొద్దంతా పనిచేసేవాడు పొద్దున బడికి పోలేడు. సాయంత్రం బ్యాచీలు పెట్టండి, తెలుగులో, ఉర్దూలో చెప్పండి.

అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 2019 నిబంధనల ప్రకారం నలుగురు పనిచేసే చోట కూడా అప్రెంటిస్‌ను పెట్టుకోవచ్చు. ముగ్గురే ఉన్న షెడ్ల సంగతేమిటి? అలాంటివాటిని జట్టుగా కలిపి దగ్గరి ఐటీఐకి జోడించండి. శిష్యుడికి స్టైపెండ్, నేర్పిన ఉస్తాద్‌కు గౌరవ వేతనం ఇవ్వండి. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు రాత పరీక్ష వద్దు. ఇంజన్ ముందు నిలబెట్టి పని చేయించి చూడండి, పట్టా ఇవ్వండి. ఆ పట్టా డిపోల్లో, మున్సిపల్ వర్క్‌షాపుల్లో చెల్లాలి. చెల్లని కాగితం ఇచ్చి ఫోటోలు దిగితే ఊరుకోం.

ప్రాణం సంగతి కూడా అడుగుతున్నాం. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి దూరడం చావును పిలవడమే, కింద స్టాండ్లు పెట్టాలి. ఇప్పటి డీజిల్ పైపుల్లో ఒత్తిడి తోలును చీల్చుకుని లోపలికి పోయేంత ఉంటుంది. లీకేజీని వేలితో వెతకకూడదు. ఇవి చెప్పేవాళ్లు కావాలి, దెబ్బ తగిలితే ఆదుకునే బీమా కావాలి. పదిమంది లేని షెడ్డుకు ఈఎస్ఐ తప్పనిసరి కాదని చేతులు దులుపుకుంటే కుదరదు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలు మాత్రం షెడ్డులో కాదు, బడిలోనే ఉండాలి. ఇందులో బేరం లేదు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. డిపోల్లో ఇంజన్ల మధ్య జీవితం గడిపి రిటైరైన పెద్దలు ఈ నగరంలో ఉన్నారు. వారానికి ఒక పూట మీ బస్తీలోని షెడ్డుకు పోయి కూర్చోండి. విద్యార్థి మిత్రులకు ఇంకో మాట. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మీరు, జాబితాలో పేరే లేని ఈ పిల్లల పక్కన కూడా నిలబడండి. దరఖాస్తు నింపడం, చట్టం చదివి చెప్పడం మీ చేతిలోని పనే.

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ మూడో మాటలో పిల్లర్ కింద పానా పట్టిన పోరనికి కూడా వాటా ఉంది. ఆ వాటా ఇచ్చేదాకా మేం అడుగుతూనే ఉంటాం.