సలహా అడిగితే ప్రశ్న వేస్తారా?

పత్తికి పురుగు పడితే మా నాయిన రెండు ఆకులు తెంపి రుమాలులో కట్టుకొని వరంగల్లు బస్సెక్కేవాడు. మందుల దుకాణంలో ఆ రుమాలు విప్పకముందే డబ్బా చేతికొచ్చేది, ఉద్దెర ఖాతాలో రాసేసేవారు. ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానానికి పోతే మాత్రం ముందు ప్రశ్నలే. ఏ విత్తనం? ఎన్ని రోజుల పంట? ఇదివరకు ఏం కొట్టినవ్? నాయినకు అక్కడ విసుగు. “అడిగింది చెప్పక నన్నే అడుగుతరేందిరా!” అనేవాడు.

నిరుడు ఒక కౌన్సిలర్ గారి ముందు నేనూ ఆ మాటే అన్నాను. నాయిన నడుం పడిపోయింది. మూడెకరాల సేద్యం, అందులో ఎకరం కౌలు. నేను బి.ఎస్సీ. రెండవ సంవత్సరం. చదువు మానాలా, వద్దా? వూళ్లో అడిగితే తలా ఒక సలహా... వూరికే వచ్చేదే కదా! చదువుకున్నవారి మాట కావాలని పోయాను. అరగంట విని ఆమె, “మానేస్తే ఏం పోతుందని నీ భయం? మానకపోతే ఏం పోతుందని?” అన్నారు. “అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్త మేడమ్!” అని లేచి వచ్చేశాను.

కోపం చల్లారాక పుస్తకాలు తిరగేశాను. అమెరికాలో కార్ల్ రోజర్స్ 1942లోనే సలహాల పద్ధతిని విమర్శిస్తూ గ్రంథం రాశాడు. బాధపడేవాని మాటల్లోనే అతని దారి బయటపడాలన్నది ఆయన వాదం. సబబే. సలహా ఇచ్చినవారు ఇంటికి పోతారు, అనుభవించేది మనం. ఫలిస్తే మళ్లీ వాళ్ల గడపకే పరుగెత్తుతాం, వికటిస్తే వాళ్లనే తిడతాం.

అయినా పూర్తిగా ఒప్పుకోలేను. మనం పెద్దల నోటి మాట కోసం పోయే జనం. మన దేశపు మానసిక వైద్యులు జె.ఎస్. నేకీ గురుశిష్య సంబంధాన్నే చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చునా అని 1973లో చర్చించారు. గీతలో కృష్ణుడు చెప్పవలసిందంతా చెప్పి, చివరికి ఆలోచించుకొని నీ ఇష్ట ప్రకారం చెయ్యమన్నాడు. “నిర్ణయం నేను చెప్పను, బతుకు నీది గనుక. కాని లెక్క ఇద్దరం కలిసి వేద్దాం” అని ఆమె ఒక్క ముక్క ముందే అని వుంటే నేను లేచి వచ్చేవాణ్ణి కాదు.

పైగా అన్ని ప్రశ్నలూ ఒకటి కావు. చదువు మానాలా, ఎవరిని పెళ్లాడాలి అన్నవి అడిగినవాడే తేల్చుకోవాలి. నిద్ర పట్టడం లేదు, ఏ డాక్టరు దగ్గరికి పోవాలంటే మాత్రం సూటిగా చెప్పాలి. చావు ఆలోచన వస్తున్నదంటే, అది ఎంతవరకు వచ్చిందో అడిగి తెలుసుకోవాలి, ఒంటరిగా వదలరాదు, ఇంట్లో పురుగుమందు డబ్బాకు తాళం వేయించాలి. 1997-98లో పత్తి పోయి ఆ మందే తాగిన రైతుల జిల్లా మనది! 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ వున్నది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణలో వుండి చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో వుండాలన్నది. సరే, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? హాజరు పట్టీ రాసే లెక్చరర్‌కే అదీ అంటగడితే (గురువర్యులు మన్నించాలి!) అక్కడ మనకు దొరికేవి వుచిత సలహాలే. మార్కులతో, హాజరుతో సంబంధం లేనివారు, విన్నది బయట పెట్టనివారు కావాలని మన విద్యార్థి సంఘం అడగాలి.

నేను వారం తర్వాత మళ్లీ పోయాను. ఆమె ఏమీ అనలేదు, కుర్చీ చూపించారు. కౌలెంత, కూలెంత, ఇంకా చదువెన్ని నెలలు అని కాగితం మీద వేసుకున్నాం. ఆ రాత్రి ఇంటికి పోయి ఆమె ప్రశ్నే నాయినను అడిగాను, నేను చదువు మానకపోతే ఏం పోతుందని నీ భయం అని. చాలాసేపు మాట్లాడలేదు. “నువ్వు మానితే నా నడుం బాగైతదా కొడుకా?” అన్నాడు.

కౌలు ఎకరం వదులుకున్నాం. నేనిప్పుడు మూడవ సంవత్సరం.